అంబలి సాక్ష్యం

“అమ్మా, అన్నం తినమని నాయినకు చెప్పు.”

నాయిన మూడడుగుల దూరంలోనే కూర్చున్నాడు. చెవులకేమీ రోగం లేదు. అయినా రాధమ్మ పల్లికాయలు వలుస్తున్న చెయ్యి ఆపి, భర్త వైపు తిరిగి, “తినమంటుంది నీ బిడ్డ” అని మాట చేరవేసింది.

“ఆకలైతలేదని చెప్పు.”

“ఆకలైతలేదంట.”

“ఐతే గిన్నె మీద మూత పెట్టుమను. ఈగలు ముసురుతున్నయ్.”

“మూత పెట్టుమంటుంది.”

ఇమ్మానుయేల్ మూత పెట్టాడు. కోపమంతా ఆ మూత మీదే చూపించాడేమో, ఆ చప్పుడుకు పక్కింటి కుక్క లేచి నిలబడింది.

ఆదివారం సాయంత్రం నుంచి ఈ మంగళవారం పొద్దుటి దాకా ఆ ఇంట్లో ఇదే భాగోతం. తండ్రీ కూతుళ్ల మధ్య రాధమ్మ తపాలా పని చేస్తోంది. పెళ్లయిన ముప్పయ్యేళ్లలో ఆవిడ మాటకు ఇంత గిరాకీ ఎప్పుడూ లేదు.

ఇంతకీ ఇమ్మానుయేల్ చేసిన నేరం ఏమిటి? దేవుడికి కృతజ్ఞత చెప్పడం! మొన్న ఆదివారం మందిరంలో కోతపండుగ. చేలో పండిన తొలి పంట తెచ్చి బలిపీఠం ముందు పెట్టి, జరిగిన మేలు గురించి నాలుగు మాటలు సాక్ష్యం చెప్పడం ఆ మందిరంలో ఆనవాయితీ. అందరూ రెండు నిమిషాలు చెప్పి కూర్చున్నారు. ఇమ్మానుయేల్ పల్లికాయ బస్తా దించి, మైకు అందుకుని, పదకొండు నిమిషాలు చెప్పాడు.

పోనీ, దేవుడి గురించి పదకొండు నిమిషాలు చెప్పినా బాగుండేది. ఒక నిమిషం దేవుడికి ఇచ్చి, పది నిమిషాలు కూతురు సరిత యూనివర్సిటీలో తయారుచేసిన పొడి గురించి చెప్పాడు. ఏ గట్టు కింది మన్నులోంచి ఆ మేలు చేసే సూక్ష్మజీవిని పట్టుకొచ్చారు, ఎన్ని కిలోల విత్తనానికి ఎన్ని చెంచాల పొడి కలపాలి, ఎంతసేపు నీడలో ఆరబొయ్యాలి, అన్నీ చెప్పాడు. పంతొమ్మిదేళ్లు బొంబాయి పక్క మట్టిపనిలో మేస్త్రీగా బతికిన మనిషి. కొలత లేకుండా మాట్లాడటం ఆయనకు చేతకాదు.

పాస్టర్ దేవదాసు దాన్ని ఫోన్లో తీసి మందిరం ఛానెల్లో పెట్టాడు. రెండొందల మంది కూడా చూడని ఛానెల్‌ను సాయంత్రానికి నాలుగువేల మంది చూశారు. పాస్టర్ పొంగిపోయాడు. అదే సాయంత్రం సరితకు చదువు చెప్పే పావని మేడం యూనివర్సిటీ నుంచి ఫోన్ చేసింది. ఆ ఫోన్ పెట్టేశాక సరిత నాయినతో మాట మానేసింది. పాస్టర్ కళ్లనీళ్లు పెట్టుకుని వీడియో తీసేశాడు.

“దేవుడు మేలు చేస్తే చెప్పొద్దా?” అని ఇమ్మానుయేల్ గోడను అడిగాడు.

“చెప్పొచ్చు” అని సరిత అమ్మకు జవాబిచ్చింది. “చేను పండింది, స్తోత్రం అని కూసుంటే అయిపోతుండె. కలిపే పద్ధతి ఎందుకు చెప్పాలె? దేవునికి తెల్వదా?”

“మంది అడిగిండ్రు.”

“సాక్ష్యం మధ్యల ఎవరడుగుతరమ్మా?”

“మొకాలు చూస్తే తెలుస్తది. నోరు తెర్సి అడగాల్నా?”

రాధమ్మకు నవ్వొచ్చింది. నవ్వితే ఏ పక్షం వహించినట్టవుతుందోనని పల్లికాయల మీదికి వంగింది.

“నవ్వకమ్మా. ఐదేండ్ల చదువు ఇది.” అంది సరిత. “పేటెంటు దరఖాస్తు రేపు, బుధవారం వెయ్యాలనుకున్నం. అది యూనివర్సిటీ పేరు మీద ఉంటది. యూనివర్సిటీ ఆ హక్కును మా కంపెనీకి రాసిస్తది. అది చేతుల ఉంటేనే పెట్టుబడి పెట్టేటోళ్లు ముంగటికొస్తరు. దరఖాస్తు వెయ్యకముందే లోకానికంతా చెప్పేస్తే, ఇంగ కొత్తగ కనిపెట్టింది ఏముందంటరు. వేరుబలం పుట్టకముందే పాయె.”

వేరుబలం అంటే సరిత, ఆమెతో కలిసి పరిశోధన చేసిన నాగేష్ ఇద్దరూ పెట్టుకున్న కంపెనీ. కంపెనీ అంటే ఇంకా పెద్దగా ఏమీ లేదు. వనపర్తిలో యూనివర్సిటీ వాళ్లిచ్చిన రెండు గదులు, ఒక ఫ్రిజ్జు, గుమ్మం మీద ఒక బోర్డు. ఆ బోర్డు కింద నిలబడి ఇమ్మానుయేల్ పోయిన నెల ఎన్ని ఫోటోలు దిగాడో ఆయనకే తెలియదు.

‘నేనే చెడగొట్టిన గదా’ అనుకున్నాడు. ఆ మాట అనుకున్నప్పుడల్లా ముద్ద గొంతు దిగడం లేదు. ఆకలి లేదన్నది అబద్ధం. కడుపు కాలుతోంది.

అసలు సరితకు నాయిన మీద ఆదివారానికి ముందు నుంచే ఇంకో గుర్రు ఉంది. పొడిని గోపాల్‌పేట, మల్దకల్, వడ్డేపల్లి వైపు పన్నెండు మంది రైతుల చేలల్లో పరీక్షకు ఇచ్చారు. మొదలు కుళ్లి మొక్క ఎండిపోయే తెగులు పల్లి చేలకు పెద్ద శాపం. పొడి వెయ్యని చోట వందకు నలభై మొక్కలు పోయాయి. పొడి వేసిన మిగతా పదకొండు చేలల్లో ఇరవై దాకా పోయాయి. ఇమ్మానుయేల్ చేలో మాత్రం మూడే పోయాయి! ఇంత తేడా ఎట్లా వస్తుంది? ‘దుకాణం మందు కొట్టి ఉంటవు, నాయినా’ అంది సరిత. ‘కొట్టలే’ అన్నాడాయన. ఆమె నమ్మలేదు. సొంత ఇంటి చేను లెక్కను అడ్డంగా గీత గీసి కొట్టేసింది.

ఆ గీత చూసిన రోజు ఇమ్మానుయేల్‌కు చెంప మీద కొట్టినట్టయింది.

బయట మోటారు సైకిల్ ఆగింది. నాగేష్ దిగాడు. నల్లమల అడవి పక్క అమ్రాబాద్ పిల్లవాడు, అడవిలో తేనె తీసే కుటుంబం. ఎంత తొందర పనున్నా నిమ్మళంగా మాట్లాడతాడు. లోపలికి వస్తూనే ఇంట్లో గాలి పసిగట్టాడు.

“కాకా, ఇంగా మాట్లాడుతలేరా?”

“నేను మాట్లాడుతనే ఉన్న. బదులొస్తలేదు” అన్నాడు ఇమ్మానుయేల్.

నాగేష్ చాప మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాడు. “సరితా, హైదరాబాద్ వకీలుతో మేడం మాట్లాడింది. మొత్తం పోలేదంట. కనిపెట్టినోళ్ల అనుమతి లేకుండ బయటపడ్డదని రుజువుంటే, జర కూడ ఆలస్యం చెయ్యకుండ దరఖాస్తు వేస్తే, మన దేశంల నిలబడే సందు ఉన్నదంట. కానీ రేపు కాదు, ఇయ్యాల్నే వెయ్యాలె. ఐదింటికల్లా కాగితాలు ఆయనకు చేరాలె. మన కాక ఒక వాంగ్మూలం ఇయ్యాలె.”

“ఏమని?” అన్నాడు ఇమ్మానుయేల్.

“బిడ్డను అడగకుండ చెప్పినని.”

“అడగలే. నిజమే. రాసిస్త.”

“ఇంకోటి. సాక్ష్యంల ఏమేం చెప్పిండో ఒక్క మాట పోకుండ రాసి పంపమన్నడు. ఏవి బయటపడ్డయో తెల్వాలె గద. వీడియో నా దగ్గరున్నది. నువ్వు చూసినవా?”

“చూడలే. చూస్తే నాకు బీపీ వస్తది” అంది సరిత.

“చూడాలె. నేనొక్కన్నే రాస్తే కాకకు అన్యాయం చేసినట్టయితది.”

నలుగురూ ఆ చిన్న తెర ముందు కూర్చున్నారు. ఇమ్మానుయేల్‌కు మొదట సిగ్గేసింది. అయిదో నిమిషానికి తన గొంతు తనకే నచ్చింది. ‘మంచిగనే చెప్పినవు, ఇమ్మానుయేల్’ అని లోపల్లోపల అనుకున్నాడు. సరిత పళ్లు బిగబట్టి టైపు చేస్తోంది.

తెర మీద ఇమ్మానుయేల్ చెయ్యి ఊపుతూ అంటున్నాడు: “నా బిడ్డ బెల్లం నీళ్లల్ల కలపమన్నది. నేను గట్ల చెయ్యలే. బెల్లానికి చీమలు పడతయ్, చీమలు పడితే విత్తనం కొరుకుతయ్. అందుకే నేను అంబలిల కలిపిన. పుల్లటి జొన్న అంబలిల కలిపి, నీడల ఆరబోసి, నా చేన్ల ఏసిన. ప్రభువుకు స్తోత్రం!”

సరిత వేళ్లు ఆగిపోయాయి.

“ఎనుకకు పోనియ్యి” అంది.

నాగేష్ వెనక్కి పోనిచ్చాడు. మళ్లీ విన్నారు. మూడోసారి కూడా విన్నారు. ఆ తర్వాత పిల్లలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంకో తప్పు కూడా చేశానా ఏమిటి, అనుకున్నాడు ఇమ్మానుయేల్.

“పులిసిన అంబలి” అన్నాడు నాగేష్ మెల్లగా. “దాంట్ల పిండి ఉంటది, పులుపు ఉంటది. మన జీవికి తిండికి తిండి, రక్షణకు రక్షణ. బెల్లంల ఒక్క రోజుల సగం చస్తున్నయని మొత్తుకున్నం గద, సరితా?”

“మూడే మొక్కలు పోయినయ్” అంది సరిత. “మందు కొట్టలే. నాయిన మందు కొట్టలేనే లేదు.”

లేచి వచ్చి తండ్రి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. రెండు రోజుల తర్వాత మొదటిసారి నేరుగా ఆయన కళ్లలోకి చూసింది.

“నాయినా! అంబలి కలిపినవని నాకెందుకు చెప్పలే?”

“బెల్లం కలపలేదంటే తిడతవని.”

“అయ్యో నాయినా!” సరిత ఏడుస్తూ నవ్వింది. ఆయన రెండు చేతులూ పట్టుకుని మొహానికి అద్దుకుంది. “నేను నిన్ను దొంగను చేసిన. కొట్టేసిన లెక్కనే అసలు లెక్క. పన్నెండు చేలల్ల నీ చేనే గెలిచింది.”

ఇమ్మానుయేల్ కళ్లు చెమర్చాయి. బొంబాయిలో ఎన్ని అంతస్తుల పునాదులు తవ్వినా ఇంత పొడుగయినట్టు ఎన్నడూ అనిపించలేదు.

“కాకా” అని నాగేష్ వచ్చే నవ్వు ఆపుకుని అడిగాడు. “ఇది దరఖాస్తుల రాయాలె గనుక నిజంగ చెప్పు. ఈ అంబలి ఆలోచన ఎవరిది? కలిపింది ఎవరు?”

“నేనే” అన్నాడు ఇమ్మానుయేల్.

రాధమ్మ చేతిలో పల్లికాయ చిట్లింది. గింజ తీసి గిన్నెలో వేసింది. ఇంకో కాయ అందుకుంది. ఏమీ అనలేదు.

అనవలసిన పనేముంది? ఇమ్మానుయేల్‌కు తెలుసు. విత్తనం కలిపిన పొద్దు ఆయన ఊళ్లోనే లేడు. విత్తే మిషను బాడుగకు మాట్లాడటానికి మల్దకల్ పోయాడు. తిరిగొచ్చేసరికి విత్తనం నీడలో ఆరిపోయి ఉంది. ‘బెల్లం ఏసినవా?’ అనడిగితే రాధమ్మ చీమల సంగతి చెప్పి, అంబలి సంగతి చెప్పింది. ఆదివారం మైకు పట్టుకున్నప్పుడు ఆ ఊపులో ‘రాధమ్మ కలిపింది’ కాస్తా ‘నేను కలిపిన’ అయింది. అప్పుడు అది అబద్ధమని కూడా తోచలేదు. ఇప్పుడు తోచింది. తోచినా నోటినుంచి ‘నేనే’ అనే మాటే వచ్చింది. బిడ్డ చేతుల వెచ్చదనం ఇంకా చేతుల్లోనే ఉంది మరి! అది వదులుకోవడానికి ఏ తండ్రికి ప్రాణం ఒప్పుతుంది?

“ఐతే నువ్వు గూడ కనిపెట్టినోనివే” అంది సరిత. “మా పేర్ల పక్కన నీ పేరు రాయాలె. తయారు కా, నాయినా. వనపర్తి పోదం. అమ్మా, నువ్వు గూడ రా.”

*

సాక్ష్యం మొత్తం రాసి బయల్దేరేసరికి మధ్యాహ్నం దాటింది. సరిత, నాగేష్ ముందు మోటారు సైకిల్ మీద పోతుంటే, వెనక ఆటోలో భార్యాభర్తలిద్దరూ కూర్చున్నారు. ఇమ్మానుయేల్ కోతపండుగ తెల్లంగీ మళ్లీ తొడుక్కున్నాడు.

“అంగీ మంచిగున్నదా?”

“మంచిగున్నది.”

“కోపమైనవా?”

“నాకెందుకు కోపం?”

ఆటో పల్లి చేల మధ్య నుంచి పోతోంది. అక్కడక్కడా కాయలు ఏరుతున్న ఆడవాళ్లు తలెత్తి చూస్తున్నారు. రాధమ్మ ఒకామెకు చెయ్యి ఊపింది.

“అంబలిల ఎన్ని నీళ్లు కలిపినవు?” అంది ఉన్నట్టుండి.

“ఏంది?”

“ఆడ అడుగుతరు గద. జర గుర్తు తెచ్చుకో.”

ఇమ్మానుయేల్ బయటికి చూశాడు. ఫిబ్రవరి ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. ‘అబద్ధం ఎందుకాడినవని అడిగితే బాగుండు’ అనుకున్నాడు, ‘నన్ను తిడితే ఇంకా బాగుండు’ అనుకున్నాడు. ఆమె తిట్టలేదు. వనపర్తి వచ్చేదాకా ఆ ఊళ్ల వెంట తనకు తెలిసిన వాళ్ల పంటలెట్లున్నాయో చూసుకుంటూ కూర్చుంది.

వేరుబలం గది నిండా అంబలి మాటే. పావని మేడం నిలబడే ఉంది. గద్వాల ఆడబిడ్డ, పెద్ద ప్రొఫెసర్. అయినా ఇమ్మానుయేల్‌ను చూడగానే రెండు చేతులూ జోడించింది.

“ఇమ్మానుయేల్ గారూ, ఆదివారం మిమ్మల్ని మనసులో చాలా తిట్టుకున్నాను. క్షమించండి. ఏడాదిగా మేము లాబులో వెతుకుతున్నది మీరు చేలో పట్టుకున్నారు. రండి, కూర్చోండి. కొన్ని వివరాలు కావాలి.”

కుర్చీ మెత్తగా ఉంది. కూర్చుంటే ముళ్లున్నట్టనిపించింది.

“అంబలి ఎన్ని రోజులు పులిసింది?”

“ఒక్క రోజు” అన్నాడు ఇమ్మానుయేల్. రాధమ్మ మూలన ఫ్రిజ్జును చూస్తోంది. “రెండు రోజులు కావచ్చు.”

“ఒకటా, రెండా?”

“ఒకటిన్నర.”

నాగేష్ టైపు చెయ్యడం ఆపి తలెత్తాడు.

“నీళ్లు ఎంత పోశారు?”

“రెండు చెంబులు.”

“ఎంత అంబలికి?”

“అంబలికి... మామూలు అంబలికి.”

“ఉప్పు వేసిన అంబలా, వెయ్యనిదా? ఇది చాలా ముఖ్యం. ఉప్పుంటే జీవి చచ్చిపోతుంది.”

ఇమ్మానుయేల్ నుదుటి మీద చెమట పట్టింది. తాను రోజూ తాగే అంబలిలో ఉప్పు ఉంటుంది. ఆ రోజు విత్తనానికి పోసిన దాంట్లో ఉందో లేదో ఎవరికి తెలుసు? తెలిసిన మనిషి ఆరడుగుల దూరంలో కూర్చుని ఫ్రిజ్జును చూస్తోంది.

“ఉప్పు ఉన్నదే” అన్నాడు.

సరిత మొహంలో వెలుగు కాస్త తగ్గింది. “ఉప్పుంటే ఎట్ల బతికినయ్?” అని తనలో తాను అంది.

“సరే, కొలతలు తర్వాత సరిచూద్దాం” అంది మేడం గడియారం చూస్తూ. నాలుగు కావొస్తోంది. “ముందు సంతకాలు కానిద్దాం. ఇది బిడ్డకు తెలియకుండా బయట చెప్పానని మీరిచ్చే వాంగ్మూలం. ఇది రెండోది. చదువుతాను, వినండి. అంబలితో కలిపే ఈ పద్ధతిని నా సొంత ఆలోచనతో నేనే కనిపెట్టానని దేవుని సాక్షిగా ప్రమాణం చేసి చెబుతున్నాను.”

మొదటి కాగితం మీద ఇమ్మానుయేల్ చకచకా సంతకం పెట్టాడు. రెండో కాగితం మీద కలం ఆనించాడు. పేరులో మొదటి అక్షరం కూడా పడలేదు.

దేవుని సాక్షిగానట! మైకులో ఊపు మీద నోరు జారితే అదొక తీరు. కాగితం మీద, చల్లటి గదిలో, తెలిసి తెలిసి దేవుణ్ని ఎట్లా పిలుస్తాడు? పైగా ఆ ఉప్పు. ఉన్నదే అని తానన్న మాట దరఖాస్తులో ఎక్కితే, అది నమ్మి రేపు ఊరూరా రైతులు ఉప్పు అంబలి పోస్తే, బిడ్డ కంపెనీ కంటే ముందు వాళ్ల చేలు పోతాయి.

కలం పక్కన పెట్టాడు.

“ఈ సంతకం నాది కాదు, మేడం.”

“అంటే?” అంది సరిత.

“అంబలి కలిపింది నేను కాదు బిడ్డా. ఆ పొద్దు నేను మల్దకల్ పోయిన. మీ అమ్మ కలిపింది. ఆలోచన గూడ ఆమెదే. నేను మందిరంల అబద్ధం చెప్పిన. పొద్దుగాల నీకు గూడ అబద్ధం చెప్పిన.” కాగితాన్ని మేడం వైపు జరిపాడు. “నువ్వు నా చేతులు పట్టుకుంటివి గద. ఇడిసిపెట్టబుద్ధి కాలే.”

సరిత తండ్రిని చూసి, తల్లి వైపు తిరిగింది.

“అమ్మా? పొద్దటిసంది ఊకున్నవేంది?”

“నన్ను ఎవరడిగిండ్రు?” అంది రాధమ్మ.

నిజమే. ఎవరూ అడగలేదు. రెండు రోజులూ ఆమెతోనే మాట్లాడారు గాని, ఆమెను ఒక్క మాట అడిగినవాళ్లు లేరు. సరితకు అది ఇప్పుడే తగిలింది. మొహం ఎర్రబడింది.

“ఇప్పుడు అడుగుతున్న. చెప్పమ్మా.”

రాధమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. “మూడు రోజులు పులిసింది. ఉప్పు ఎయ్యలే. ఉప్పేస్తే మొలక దెబ్బతింటదని నాకు తెల్సు. ఒక చెంబు అంబలికి రెండు చెంబుల నీళ్లు. గుడ్డల వడగట్టిన. ముందుగాల కొన్ని గింజలకు పెట్టి తడిగుడ్డల కట్టి చూసిన, మంచిగ మొలిచినయ్. అప్పుడు మొత్తానికి పెట్టిన. ఇంగ రాసుకో నాగేషూ, ఊకె చూస్తవేంది?”

నాగేష్ వేళ్లు పరుగెత్తాయి. మేడం నవ్వు దాచుకోలేదు. “ముందు కొన్ని గింజలకు పెట్టి చూశారా? ఈ ముక్క మా పిల్లలకు నేర్పడానికి నాకు రెండేళ్లు పడుతుంది! ఇంతకుముందు మీ అమ్మగారు గానీ, ఊళ్లో ఎవరైనా గానీ ఇట్లా చేసేవాళ్లా?”

“మా అమ్మ కాలంల ఈ పొడి యాడిది, మేడం? నాకే తోచింది.”

సరిత తల్లి మెడ చుట్టూ చేతులు వేసి ఊపేసింది. ఇమ్మానుయేల్‌కు ఒక పక్క సిగ్గు, ఒక పక్క రొమ్ము మీది బండ దింపినంత హాయి. ఎవరూ తనను తిట్టలేదు. నాగేష్ అయితే భుజం తట్టి, “కాకా, అంబలి తాగుతవా?” అని ఆటపట్టించాడు కూడా.

పేరు మార్చి కాగితం మళ్లీ తీశారు. సరిత దాన్ని తల్లి ముందు పెట్టి కలం చేతికిచ్చింది.

రాధమ్మ కలం తీసుకుంది. కాగితం మొత్తం నెమ్మదిగా చదివింది. మందిరంలో పాటల పుస్తకం చదివే కళ్లు అవి, ఒక్క అక్షరం వదలవు. చదివాక కలానికి మూత పెట్టింది.

“నేను పెట్ట.”

“అమ్మా!”

“నూట యాభై మంది ముంగట మైకుల ‘నేనే’ అన్నడు. ఇప్పుడు నలుగురి ముంగట కాదంటే సరిపోతదా? యాడ అన్నడో ఆడ చెప్పాలె. అప్పుడు పెడత.”

“ఆదివారం చెప్త, రాధమ్మా. ఒట్టు” అన్నాడు ఇమ్మానుయేల్.

“ఐతే ఆదివారం పెడత.”

“ఐదింటికి పంపాలె అమ్మా!” సరిత గొంతు పైకి లేచింది. “ఇంగ నలభై నిమిషాలే ఉన్నది.”

“ఆ నలభై నిమిషాలు మీ నాయినయి. నావి కావు.”

ఇమ్మానుయేల్ గోడ మీది గడియారం చూశాడు. మంగళవారం. నాలుగుంబావు దాటింది. మంగళవారం నాలుగింటికి మందిరంలో... చప్పున జేబులోంచి ఫోను తీశాడు.

“పాస్టరన్నా, వందనాలు. స్త్రీల కూడిక నడుస్తుందా?”

“నడుస్తుందన్నా. ఇప్పుడే పాట అయ్యింది.” దేవదాసు గొంతు స్పీకర్లో గదంతా వినబడింది.

“ఫోను మైకుకు ఆనించు. సాక్ష్యం చెప్పాలె.”

“మల్ల సాక్ష్యమా? అన్నా, మొన్నటి సాక్ష్యానికే నేను యూనివర్సిటీ వాళ్లతోని మాట పడితి. నన్ను పరేషాన్ చెయ్యకు.”

సరిత ఫోను మీదికి వంగింది. “పాస్టరన్నా, పెట్టుండ్రి. వీడియో మాత్రం తియ్యకుండ్రి! నాయిన పొడి ముచ్చట మొదలుపెడితే మైకు బంద్ చెయ్యుండ్రి!”

మైకు గుర్రుమంది. ఇమ్మానుయేల్ లేచి నిలబడ్డాడు. ఎదురుగా ఎవరూ లేకపోయినా అంగీ సరిచేసుకున్నాడు.

“ప్రభువు నామంల మీకందరికి వందనాలు. ఆదివారం నేను చెప్పిన సాక్ష్యంల ఒక అబద్ధం ఉన్నది. విత్తనం నేను కలపలే. నా భార్య రాధమ్మ కలిపింది. ఆ తెలివి ఆమెది. పేరు నేను చెప్పుకున్న. దేవుడు నన్ను క్షమించాలె, మీరు గూడ క్షమించాలె.”

ఫోనులోంచి ఎవరో కిసుక్కుమన్నారు. ఆపైన పక్కింటి జములమ్మ గొంతు ఖంగుమంది.

“అది మాకు ఎన్నడో తెల్సు గదన్నా! ఆ పొద్దు విత్తనం ఆరబోసింది నేను, నా కోడలే. ఆదివారం నువ్వు ‘నేను కలిపిన’ అంటుంటే మేము కొంగులు నోట్ల కుక్కుకున్నం!”

మందిరం మందిరమంతా ఘొల్లుమంది. ఇక్కడ మేడం కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాగేష్ టేబుల్ మీద తల పెట్టి నవ్వుతున్నాడు. ఇమ్మానుయేల్ చెవులు వేడెక్కాయి. ఆ నవ్వులో తను కూడా కలిసిపోయాడు, ఇక చేసేదేముంది?

“అయ్యింది గద?” అన్నాడు భార్యతో, కళ్లు తుడుచుకుంటూ. “పెట్టు సంతకం.”

రాధమ్మ కూడా నవ్వుతూనే ఉంది. కలం మూత మాత్రం తియ్యలేదు.

“అంబలి ముచ్చట అయ్యింది. చేను ముచ్చట చెప్పు.”

“చేను ముచ్చటేంది?”

“ఆదివారం ‘నా చేను, నా చేను’ అని తొమ్మిది మార్లు అన్నవు. పంతొమ్మిదేండ్లు నువ్వు బొంబాయిల ఉంటివి. విత్తనానికొకసారి, కోతకొకసారి వచ్చి చూసి పోతివి. ఆ చేన్ల ఎవరున్నరు?”

“అమ్మా, టైము...” అనబోయింది సరిత. పావని మేడం ఆమె చెయ్యి పట్టి ఆపింది. గడియారంలో నాలుగున్నర దాటింది.

ఇమ్మానుయేల్ నవ్వు ఆగింది. భార్య మొహంలోకి చూశాడు. కోపం లేదు అక్కడ. పంతొమ్మిదేళ్ల నుంచి అడగాలనుకుని, అడగడానికి ఒక సందు దొరికిన మనిషి మొహం అది. తను లేని ఎండలు, తను లేని వానలు, జ్వరంతో ఒంటిచేత్తో బిడ్డను ఎత్తుకుని ఈమె కలుపు తీసిందని ఎవరో చెబితే విని ఊరుకున్న రోజులు. అవన్నీ ఒక్కసారిగా గుర్తుకొచ్చాయి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. మొదలుపెడితే అరగంటలో అయ్యే ముచ్చటలా కూడా లేదు.

“అన్నా, ఉన్నవా? ఫోను కట్ చెయ్యాల్నా?” అన్నాడు పాస్టర్ ఫోనులో.

“ఉన్న. కట్ చెయ్యకు.” ఇమ్మానుయేల్ గొంతు సవరించుకుని, భార్య ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “అమ్మల్లారా, లేవకుండ్రి. ఇది జర పెద్ద సాక్ష్యం.”